నాలుగువేల మూడువందల పౌన్ల నీళ్ళు

నాలుగోసారి కూడినా అదే వచ్చింది.

ఖాసిం పెన్సిలు చెవిమీద పెట్టుకుని గోడౌను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఏలూరు కాలవ. ఏప్రిల్ ఎండకి నీళ్ళు పచ్చగా, బరువుగా ఉన్నాయి. కళ్ళు కాస్త తేరుకున్నాక మళ్ళీ లోపలికి వెళ్ళి కాగితం ముందు కూచున్నాడు.

కిందటేడు మిగిలిన ఉన్ని మూడువేల రెండువందల పౌన్లు. ఏడాదిలో కొన్నది ముప్ఫయ్యారువేల నాలుగువందలు. రెండూ కలిపి ముప్ఫైతొమ్మిదివేల ఆరువందలు. ఇవాళ తను దగ్గరుండి కాటా వేయించిన మిగులు పందొమ్మిదివందలు. అంటే నేతగాళ్ళకి ఇచ్చింది ముప్ఫైయేడువేల ఏడువందలకి మించి ఉండడానికి వీల్లేదు. బట్వాడా రిజిస్టరేమో నలభైరెండువేలు ఇచ్చామంటోంది.

నాలుగువేల మూడువందల పౌన్లు ఎక్కువ. కొనని ఉన్ని, లేని ఉన్ని, నేతగాళ్ళకి ఇచ్చేసిన ఉన్ని.

సరుకు తక్కువైతే ఏం చెయ్యాలో అతను బట్టీపట్టిన ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీలకి పేజీలుంది. దొంగని ఎక్కడ వెతకాలో, ఏ వోచరు అడగాలో అన్నీ ఉన్నాయి. కొన్నదానికంటే ఎక్కువ ఇచ్చే ధర్మాత్ముణ్ణి ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు.

ఖాసిం పవరుపేటలో రిజిస్టర్డు అకౌంటెంటు భాస్కరరావు గారి దగ్గర మూడేళ్ళుగా ఆర్టికిల్డు గుమస్తా. అంటే జీతం లేని గుమస్తా. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టడం, మండవల్లి సొసైటీలో రసీదులకి టిక్కులు పెట్టడం, తెల్లవారుజామున లేచి పరీక్షకి చదవడం. ఆ మూడేళ్ళ చివర గురువుగారు ఒక సర్టిఫికెట్టు మీద సంతకం పెడతారు. అది ఉంటే పరీక్షకి కూచోవచ్చు. అది లేకపోతే మూడేళ్ళూ చేసింది ఊడిగం, అంతే. పరీక్ష బోర్డువాళ్ళు మొహం చూడరు. దరఖాస్తు శనివారం మెయిల్లో పోవాలి. ఇవాళ మంగళవారం.

"తివాచీల కంపెనీ ఆడిటు ముగించుకు రావోయ్. సంతకం ఎక్కడికి పోతుంది?" అన్నారు భాస్కరరావు గారు.

గోడౌను గుమస్తా వీర్రాజు పొగాకు నలుపుకుంటూ వచ్చాడు. "ఏవండీ ఖాసిం గారూ, ఇంకా తేలలేదా అండీ?"

"బట్వాడా ఎక్కువ చూపిస్తోందండీ."

"ఎక్కువైతే మంచిదే కదండీ! తక్కువైతే నా పీకమీద కొస్తుంది గానీ," అని నవ్వుకుంటూ అటు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి అచ్చాయమ్మ వచ్చింది, గోడౌనులో కూలిపని చేసే మనిషి. చంకలో బిందె, బిందెలో కాలవనీళ్ళు. ఉన్ని కుప్పల చుట్టూ తిరుగుతూ దోసిలితో నీళ్ళు జల్లుతోంది. పేరంటానికి వాకిలి తడుపుతున్నట్టు, ఎక్కడా మడుగు కట్టకుండా, ఎంతో నేర్పుగా జల్లుతోంది.

ఖాసిం లేచి నిలబడ్డాడు. "అదేమిటమ్మా, ఉన్ని మీద నీళ్ళేమిటి?"

"దుమ్ము లేవకుండానండి బాబుగారూ. పొడి ఉన్ని రేగితే వీర్రాజు గారికి దగ్గొస్తదండి."

"రోజూ జల్లుతావా?"

"రోజూ ఎందుకండి? మంగళారం, శుక్కురారం. తెల్లారి బట్వాడా ఉంటది కదండి."

"మిగతా రోజుల్లో వీర్రాజు గారికి దగ్గు రాదా?"

అచ్చాయమ్మ ఆ మాటకి ఆగి ఆలోచించింది. "ఏమోనండి, ఆ సంగతి నాకు తెల్దండి. నాలుగు బిందెలు జల్లమన్నారండి. మూడు జల్లితే కూలి కోస్తారండి."

నాలుగో బిందె ఖాళీ అయ్యేదాకా ఖాసిం చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కుప్పలోంచి గుప్పెడు ఉన్ని తీసి పిండాడు. చుక్క రాలలేదు. అరచెయ్యి మాత్రం చల్లబడింది. కాటామీదకి అంతే చాలు.

*

తంగెళ్ళమూడిలో జైనబ్ ఇంట్లో ఖాసిం కాపురం. ఆమె అతని తల్లి చెల్లెలు. ఖాలా అని పిలుస్తాడు. అతను వెళ్ళేసరికి ఇంకా వెలుగుంది. ముందుగదంతా మగ్గమే. మగ్గం వెనకనుంచి ఆమె భర్త అబ్దుల్ సలాం పాడుతున్నట్టు రంగులు చెబుతున్నాడు.

"రెండు ఎరుపు. ఒకటి నీలం. మూడు వదిలి ఎరుపు."

"వేశాను," అంటోంది జైనబ్. ముడి వెయ్యడం, కత్తితో తెంపడం, వరస పూర్తయ్యాక ఇనపదువ్వెనతో దభీదభీమని కొట్టడం. ముంగురులనిండా ఎర్రటి నూగు.

"ఖాలా, మీకిచ్చే ఉన్నిలో నీళ్ళున్నాయి."

ఆమె ముడి పూర్తిచేసి, పోగు తెంపి, అప్పుడు తలెత్తింది. "ఎవరన్నారు?"

"లెక్కలో తేలింది."

"విన్నారా అండీ," అంది మొగుడితో. "మూడేళ్ళు చదివితే లెక్కలో తేలిందట. మన చేతులకి మొదటిరోజే తేలింది. మనకి ఇంగ్లీషు రాదు కాబట్టి తొందరగా తేలింది."

అబ్దుల్ సలాం మగ్గం చాటునుంచి నవ్వుతూ బయటికొచ్చాడు. "కూర్చోరా. మాకు తెలీదనుకున్నావా? పది పౌన్ల కట్ట తెచ్చి ఎండలో వేస్తే సాయంత్రానికి తొమ్మిది. తివాచీ నేసి ఇస్తే, పది ఇచ్చాం, తొమ్మిదే వచ్చింది, ఒక పౌను ఉన్ని దొంగిలించారంటారు. పౌనుకి ఎనిమిదణాలు కూలిలో కోస్తారు. దానిపేరు తరుగు."

"మరి ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. మేమూ తివాచీ ఇచ్చే ముందు మంచులో ఆరుబయట పరిచాం. మంచు పట్టి బరువు సమానమైంది. రెండు నెలలు బాగానే సాగింది. అప్పట్నించి వాళ్ళు తివాచీ తీసుకుని మూడురోజులు డాబామీద ఎండబెట్టి అప్పుడు తూస్తున్నారు."

"వాళ్ళు పోస్తే ఉన్ని, మేం పోస్తే దొంగతనం," అంది జైనబ్. చెంగుతో మెడ తుడుచుకుంది. "అంతా కలిపి ఎన్ని పౌన్లు?"

ఆడిటులో చూసింది బయట చెప్పకూడదు. మొదటిరోజే గురువుగారు అతనిచేత అలా రాయించుకున్నారు.

"శుక్రవారం నమాజయ్యాక నూటపన్నెండు ఇళ్ళవాళ్ళం కంపెనీ యజమాని రాజుగారి దగ్గరికి పోతున్నాం," అంది జైనబ్. "తరుగు ఎత్తెయ్యమని. పోయిన ప్రతిసారీ ఆయన, ‘నీళ్ళా? ఎన్ని పౌన్లమ్మా? చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తాను’ అంటాడు. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వచ్చేస్తాం. ఆ అంకె ఒక్కటీ కావాలిరా."

"చెప్పకూడదు ఖాలా. సర్టిఫికెట్టు పోతుంది."

"ఎన్నాళ్ళదాకా చెప్పకూడదు?"

"పరీక్ష పాసయ్యేదాకా. తర్వాత నేనే సొంతంగా సంతకం పెట్టి రాస్తాను. అప్పుడు నా సంతకానికి విలువుంటుంది."

"అప్పుడు నీకు ఫీజిచ్చేది ఎవరు? మేమా, రాజుగారా?"

ఆమె దువ్వెన అందుకుంది. అబ్దుల్ సలాం మగ్గం వెనక్కి వెళ్ళి వరస అందుకున్నాడు. "ఒకటి నీలం. రెండు పచ్చ."

*

బుధవారం ఉదయం ఖాసిం ఒక కాగితంమీద అంతా శుభ్రంగా రాసి గురువుగారి బల్లమీద పెట్టాడు. కొన్నది, ఇచ్చింది, మిగిలింది, తేడా. అడుగున ఒక వాక్యం: ఉన్నిని నీళ్ళతో తడిపి తూచి ఇస్తున్నారు గనుక తరుగు పేరుతో నేతగాళ్ళ కూలిలో కోసిన రెండువేల నూటయాభై రూపాయలు అన్యాయపు వసూలు.

భాస్కరరావు గారు చదివారు. కళ్ళజోడు తీసి, ఉత్తరీయంతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివారు.

"శభాష్!" అన్నారాయన. నిజంగా సంతోషించారు. కళ్ళు మెరిశాయి. "నీళ్ళు పట్టుకున్నావోయ్! ఏడేళ్ళనుంచి ఆ కంపెనీ ఆడిటు నేనే చేస్తున్నాను. కొన్నదీ ఇచ్చిందీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. పరీక్షలో ఇలాంటి బుర్ర ఉన్నవాడు తప్పడు."

"మరి రిపోర్టులో..."

"రాయాలి. రాయకుండా ఎలా? రేపు ఇన్‌కంటాక్సువాడు ఇదే లెక్క వేస్తే మన పరువేం కావాలి?" ఆయన ఎర్రపెన్సిలు తీసుకుని అడుగున ఉన్న వాక్యాన్ని కొట్టేశారు. కోపంతో కాదు, దస్తూరీ తప్పు దిద్దినట్టు కొట్టేశారు. "కొల్లేరు పక్కనే ఉందా? ఆ సరస్సు మీదనుంచి వచ్చే గాలికి ఉన్ని తేమ పీలుస్తుంది. ప్రకృతి. నాలుగువేల మూడువందలు వాతావరణపు తేమ. వచ్చే ఏటినుంచి బట్వాడా రిజిస్టరులో తేమకి ఒక కాలమ్ వేయిద్దాం. లెక్క పైసాకి సరిపోతుంది."

"కొల్లేటి గాలి మంగళవారం, శుక్రవారం మాత్రమే వీస్తుందాండీ?"

గురువుగారు నవ్వారు. మన జిల్లాలో పీక కోసేవాడు కూడా ముందు కుర్చీ వేసి కూచోబెడతాడు. "కూర్చోవోయ్," అన్నారు. "నువ్వు ఆవేశపడుతున్నావు. ఆ తరుగు సొమ్ము రాజుగారు తింటున్నారనుకుంటున్నావా? ఆయన ఒక్క కాణీ ముట్టడు. దొంగసొమ్ము మనకెందుకు, పుణ్యానికి పోనీ అని మొత్తం ధర్మం ఖాతాలో వేస్తాడు. చూడు."

బీరువాలోంచి ఎర్రఅట్ట లెడ్జరు తీసి, పేజీ తెరిచి, బల్లమీద ఇటు తిప్పారు. జమ వైపు నెలనెలా తరుగు వసూళ్ళు. ఖర్చు వైపు: సత్రానికి బియ్యం. చలివేంద్రం. మసీదుకి లాంతర్లు నాలుగు. గుడ్డివాళ్ళకి దుప్పట్లు. ఖాసిం వేలితో వరసలు దిగుతూ పోయాడు, మూడేళ్ళుగా ప్రతి పుస్తకంలోనూ దిగినట్టే. వేలు ఒకచోట ఆగిపోయింది.

మూడేళ్ళ కిందటి జూన్. ‘ఖాసిం చదువు నిమిత్తం, ఆడిటరు గారికి ప్రీమియం, రూ. 500.’

"నేను చేరేటప్పుడు కట్టాల్సిన ప్రీమియం మాఫీ చేశారన్నారండీ," అన్నాడు వేలు తియ్యకుండానే.

"మాఫీ అంటే నువ్వు ఇవ్వక్కర్లేదన్నాను. ఎవరూ ఇవ్వక్కర్లేదనలేదే! ప్రీమియం లేకుండా ఎవరు చేర్చుకుంటారోయ్? ‘తురకల్లో తెలివైన కుర్రాడు, బీదవాడు, మన ధర్మంలోంచి ఇద్దాం, అతనికి చెప్పకండి, చిన్నబుచ్చుకుంటాడు’ అన్నాడు రాజుగారు. ఎంత పెద్దమనసు చూడు."

ఎనిమిదణాల లెక్కన అయిదువందల రూపాయలకి వెయ్యి పౌన్లు. ఖాసిం బుర్ర ఆ లెక్క తనంతట తనే చేసేసింది. వద్దన్నా ఆగలేదు. అలా తయారుచేశారు దాన్ని.

"రేపు ఆ కొత్త రిజిస్టరు నువ్వే గీసిపెట్టు," అన్నారు భాస్కరరావు గారు లెడ్జరు మూస్తూ. "నీ చేతి గీత చక్కగా ఉంటుంది. శుక్రవారం ఆ నేతగాళ్ళ గొడవేదో ఉందిట, అది కూడా చూసుకురా. సర్టిఫికెట్టు ఆ మధ్యాహ్నమే చేసేస్తాను."

*

గురువారమంతా ఖాసిం గోడౌనులో కూచుని గీతలు గీశాడు. నల్లకర్ర రూళ్ళకర్రని ఎడమచేత్తో అదిమిపట్టి, ఎర్రసిరా కలం నిలువుగా లాగడం. ఒక్క క్షణం ఆగితే బొట్టు పడుతుంది. పేజీకి ఏడు గీతలు. తేదీ, పేరు, ఇచ్చిన ఉన్ని, తేమ, నికరం, వేలిముద్ర. నేతగాళ్ళకిచ్చే చీటీలమీద కూడా తేమకి ఒక గడి.

పని చేస్తుంటే అతనికి ఒక నీచమైన సంతోషం కలిగింది. గీతలు నిజంగా చక్కగా వస్తున్నాయి. పదో పేజీకి చెయ్యి దానంతటదే పోతోంది. ఇరవయ్యో పేజీ దగ్గర, ఈ కాలమ్ ఉంటే నేతగాళ్ళకీ మంచిదే కదా అనిపించింది. పదికి ఒకటి తేమ అని చీటీమీద రాస్తే ఇక ఆ పౌను ఎవరు కోస్తారు? ఆ ఆలోచన గట్టిగా పట్టుకున్నాడు. అయిదువందల రూపాయలు మింగినవాడికి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

సాయంత్రం రాజుగారే వచ్చారు, కంపెనీ యజమాని వెంకట్రాజు గారు. తెల్లటి పంచె, చేతిలో పొన్నుకర్ర. ఖాసిం లేచి నిలబడితే భుజంమీద చెయ్యివేసి కూచోబెట్టారు.

"మా ధర్మంతో చదువుకున్న కుర్రాడు మా పొరపాటే పట్టుకున్నాడు. వీర్రాజూ, చూశావా? అదీ చదువంటే." పేజీలు తిప్పి చూశారు. "ముత్యాల్లా ఉన్నాయయ్యా గీతలు. రేపు మీవాళ్ళు వస్తున్నారట. పాపం అమాయకులు. నువ్వు ఒక్కమాట చెబితే వింటారు."

"ఏం చెప్పమంటారండీ?"

"అబద్ధం చెప్పొద్దు. పుస్తకాలు సరిగ్గా ఉన్నాయని చెప్పు. సరిగ్గానే ఉన్నాయిగా?"

పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయి. పొద్దుటినుంచీ అతనే సరిచేస్తున్నాడు.

*

శుక్రవారం నమాజు ముగించుకుని నేతగాళ్ళు టోపీలతోనే కంపెనీ ఆవరణలోకి వచ్చారు. ఆడవాళ్ళు గోడవార నిలబడ్డారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వెంకట్రాజు గారు అందరికీ నిమ్మాకు వేసిన మజ్జిగ ఇప్పించారు. మజ్జిగ తాగిన గొంతుతో గట్టిగా మాట్లాడ్డం కష్టం. ఆ సంగతి ఆయనకి తెలుసు.

"తరుగు సొమ్ము నేను తింటున్నానని మీలో ఎవరైనా అనుకుంటున్నారా?" అన్నారు వరండా మీదనుంచి. ఎర్రఅట్ట లెడ్జరు తెప్పించి స్వయంగా చదివారు. సత్రం. చలివేంద్రం. మసీదు లాంతర్లు. "ఖాసిం చదువుకి అయిదువందలు. అడుగోనయ్యా, మీ పిల్లాడే. మీ సొమ్ము మీ పిల్లాడికే పెట్టాను."

నూటపన్నెండు ఇళ్ళవాళ్ళు తలలు తిప్పి ఖాసింని చూశారు. కోపం లేదు ఆ చూపుల్లో. సంతలో సరుకుకి ధర ఇప్పుడే తెలిసినట్టు చూశారు.

"లెక్క చూసింది కూడా అతనే. మీకు నా మాటమీద నమ్మకం లేకపోతే అతన్నే అడగండి."

గోడవారనుంచి జైనబ్ ముందుకొచ్చింది. కొంగు తలమీదకి లాక్కుంది.

"ఉన్నిలో నీళ్ళు ఎన్ని పౌన్లు?"

వరండామీద భాస్కరరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆయన ఖాసిం వైపు చూడలేదు. చూడవలసిన అవసరం లేదు.

"పుస్తకాలు సరిగ్గా ఉన్నాయి," అన్నాడు ఖాసిం. "తేమకి కొత్త కాలమ్ పెట్టాం. రేపటినుంచి రిజిస్టరులో ఉంటుంది."

"మీ చీటీలమీద కూడా ఉంటుంది," అని వెంకట్రాజు గారు అందుకున్నారు. "ఇంకేం కావాలమ్మా?"

అడిగినదానికి జవాబు రాలేదని అక్కడ అందరికీ తెలుసు. కాని ఏదో వచ్చినట్టే ఉంది, కాలమ్ అట, చీటీమీద అట. జనం గుసగుసలాడుకుంటూ విడిపోయారు. మజ్జిగ గ్లాసులు అచ్చాయమ్మ పోగుచేసి కడగడానికి పట్టుకుపోయింది.

మూడుగంటలకి భాస్కరరావు గారు సర్టిఫికెట్టుమీద సంతకం పెట్టారు. పొడవాటి సంతకం, కింద రెండు గీతలు.

ఇంటికి వెళితే జైనబ్ కంచంలో అన్నం పెట్టి, పక్కన నీళ్ళచెంబు ఉంచింది. ఎప్పుడూ లేనిది, చాప కూడా దులిపి వేసింది.

"తినండి," అంది.

పదేళ్ళనుంచి ఆమె అతన్ని ‘తినరా’ అనే అంది, తిట్టినా కొట్టినా. అతను ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. ఆమె బలవంతం చెయ్యలేదు. పరాయివాణ్ణి ఎవరు బలవంతం చేస్తారు?

*

శనివారం ఉదయం జేబులో కవరు పెట్టుకుని పోస్టాఫీసుకి బయల్దేరాడు. మెయిల్ సంచీ పదిగంటలకి కడతారు. కంపెనీ ముందు వీర్రాజు అడ్డం వచ్చాడు.

"ఏవండీ, ఒక్క నిమిషం. కొత్త రిజిస్టరు మొదటిపేజీ మీ చేత్తోనే మొదలుపెట్టించమన్నారండీ రాజుగారు. మంచి చెయ్యట."

ఇంకా ఎనిమిదే అయింది. ఖాసిం లోపలికి వెళ్ళి బల్లముందు కూచున్నాడు. గుమ్మం బయట నేతగాళ్ళ వరస. మొదట జైనబ్. గోడౌనులో తడిఉన్ని వాసన.

కాటామీద కట్ట పెట్టారు. "పది!" అని అరిచాడు కాటావాడు. ఖాసిం తేదీ రాశాడు. పేరు రాశాడు. ఇచ్చిన ఉన్ని, పది. కలం తర్వాతి గడి దగ్గరికి వచ్చింది.

వీర్రాజు వంగి చెవిలో అన్నాడు: "అక్కడ సున్నా వెయ్యండీ."

"సున్నా ఏమిటండీ? రాజుగారు నిన్న అందరిముందూ అన్నారు కదా."

"కాలమ్ ఉంటుందన్నారండీ. అందులో అంకె ఉంటుందన్లేదు కదండీ. మార్చి ఆఖరుకి మీ గురువుగారు మొత్తం ఒకేసారి వేసేస్తారు. అప్పటిదాకా సున్నా."

అంటే నేతగాడికి పది పౌన్లే ఇచ్చినట్టు. తరుగు ఎప్పట్లాగే కోస్తారు. ఏడాది చివర ఇన్‌కంటాక్సువాడికి మాత్రం కొల్లేటి గాలి చూపిస్తారు. ఖాసిం లేకపోతే ఆ కంపెనీ ఎప్పుడో ఒకప్పుడు ఆ లెక్కలో దొరికిపోయేది. ఇక దొరకదు. రెండువందల పేజీలు, పేజీకి ఏడు గీతలు గీసి ఆ కన్నం అతనే పూడ్చాడు.

జైనబ్ అతని మొహంలోకి చూడ్డంలేదు. కట్ట ఎప్పుడెత్తుకోవాలా అని కాటా వైపు చూస్తోంది. కట్ట అడుగున కాటాపళ్ళెం చెమర్చింది.

ఖాసిం లేచి ఆ పళ్ళేన్ని వేలితో తుడిచి చూసుకున్నాడు. మళ్ళీ కూచున్నాడు. తేమ గడిలో ఒకటి వేశాడు. నికరం, తొమ్మిది. చీటీమీద అదే రాశాడు: పది, ఒకటి, తొమ్మిది. పక్కనున్న కంపెనీ ముద్ర తీసి చీటీమీద అద్దాడు.

"ఏవండీ! అదేంటండీ!"

"మీరు కాలమ్ పెట్టమన్నారు, పెట్టాను. ఖాళీగా ఉన్న కాలమ్ ఆడిటులో తప్పండీ. తర్వాత!"

రెండోవాడు వచ్చాడు. పది, ఒకటి, తొమ్మిది. ముద్ర. మూడోవాడు. వీర్రాజు కలం లాక్కోబోయి, ఆడిటరు గారి మనిషి చెయ్యి పట్టుకోవచ్చో కూడదో తెలియక, రాజుగారి ఇంటివైపు పరుగెత్తాడు. బయట వరసలో మాట పాకింది. తోసుకోవడం ఆగిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వేలిముద్ర వేసి, చీటీ రెండుచేతులా అందుకుని, చదవలేనివాళ్ళు కూడా ఆ గడిలో ఉన్న ఒంటి గీతని తేరిపార చూసుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

రాజుగారి కబురుతో భాస్కరరావు గారి జట్కా వచ్చేసరికి ఇరవైమూడు చీటీలు వెళ్ళిపోయాయి.

ఆయన అరవలేదు. బల్లదగ్గరికి వచ్చి పేజీ చూశారు. "దస్తూరీ బాగుందోయ్," అన్నారు మెల్లిగా. "నీ వయసులో నాకూ ఇలాగే ఉండేది. ఆ సర్టిఫికెట్టు ఒకసారి ఇటివ్వు. అందులో ఒక తేదీ తప్పు పడింది, దిద్దాలి."

తేదీ తప్పు పడలేదని ఇద్దరికీ తెలుసు. గుమ్మంలోంచి రోడ్డు కనిపిస్తోంది. పరుగెత్తితే పోస్టాఫీసు అయిదు నిమిషాలు. కవరు కౌంటరులో పడేస్తే ఇక ఎవరూ వెనక్కి తేలేరు. ఖాసిం కాళ్ళు ఆ సంగతి విన్నాయి కూడా. కాని కుర్చీలోంచి లేస్తే ఆ కలం వీర్రాజు చేతికి పోతుంది. ఇరవైనాలుగోవాడు అహ్మద్ అనే ముసలాయన, అప్పటికే వేలు సిరాలో అద్దుకుని నిలబడ్డాడు.

ఖాసిం జేబులోంచి కవరు తీసి ఇచ్చాడు. కలం సిరాలో ముంచాడు. "పేరు?"

"అహ్మదు బాబూ."

ఆ పేరు రాస్తుండగానే వీర్రాజు ఇద్దరు కూలీలతో వచ్చి కుర్చీతో సహా అతన్ని పక్కకి జరిపాడు. "ఏమీ అనుకోకండీ," అంటూనే జరిపాడు. భాస్కరరావు గారు కవరు చింపలేదు. నలగకుండా కోటు లోపలిజేబులో పెట్టుకుని, జట్కా ఎక్కారు.

వీర్రాజు కూచుని కలం అందుకున్నాడు. అహ్మదుకి పది వేసి, పక్కన గుండ్రంగా సున్నా చుట్టి, చీటీ ముందుకి తోశాడు.

అహ్మద్ చీటీని ముట్టుకోలేదు. "ఒకటి వెయ్యండి బాబూ."

"అది పొరపాటున పడిందయ్యా. తీసుకుని వెళ్ళు."

"ఇరవైమూడు మందికి పొరపాటున పడింది కదండీ. నాకూ పడనివ్వండి."

"వెయ్యను. ఏం చేస్తావు?"

ముసలాయన ఆలోచించాడు. కాటామీదనుంచి కట్ట దించి, గుమ్మం బయట ఎండలోకి తీసుకెళ్ళి, తాడు విప్పి, ఉన్నిని నేలమీద పలచగా పరిచాడు. "అయితే ఆరనివ్వండి," అని దానిపక్కనే కూచున్నాడు. "ఆరాక తూచి ఇవ్వండి. తొందరేం లేదు."

అతని వెనక మనిషి కూడా వచ్చి కూచున్నాడు. అతని వెనకాయన కూడా. చీటీలు తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాడు వీర్రాజు. వాళ్ళూ వెళ్ళలేదు.

ఖాసిం గోడౌను అరుగుమీద నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళడానికి లేదు. బయట వరసలో కూచోడానికి అతని పేర చీటీ లేదు. ఇరవైమూడేళ్ళవాడు, మూడేళ్ళ చదువు కోటుజేబులో జట్కా ఎక్కిపోయింది, చేతినిండా ఎర్రసిరా. పదిగంటలు దాటింది. ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. వాళ్ళకి ఉన్ని ఆరడం చూసుకోవడం ఎక్కువ పని.

జైనబ్ తన కట్టమీద కూచుని, తలమీద కొంగు సర్దుకుని, అతనివైపు చూసింది.

"ఏరా, అలా మేకులా నిలబడ్డావేం? ఎండ తగుల్తుంది. ఇటు రా."

అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"మొత్తం ఎన్ని పౌన్లు?"

"నాలుగువేల మూడువందలు, ఖాలా."

ఆమె ఆ అంకెని పెదవులతో ఒకసారి అనుకుని, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. వెనకవాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళకి చెప్పారు. అది ఆవరణ చివరిదాకా పోయి ఆగింది.

"మొన్న మంగళవారం చెప్పి ఉంటే నిన్న ఆయన మొహాన కొట్టేవాళ్ళం," అంది. "మజ్జిగ తాగి వచ్చాం."

"అవును."

"అయిదువందలు మా దగ్గర తిన్నావు. అది ఇంకా తీరలేదు." ఇరవైమూడు చీటీలు కొంగులోంచి తీసి అతని చేతుల్లో పడేసింది. అందరివీ ఎప్పుడు పోగుచేసిందో. "కూచుని ఇవన్నీ ఒక కాగితంమీద ఎక్కించు. తెలుగులోనే రాయి."